వార్డు కమిటీకి పేరిస్తామంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా?

కదిరి_కుర్రోడు
నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళు తలుపు కొట్టి, కొత్త వార్డుకి కమిటీ వేస్తే సంఘం తరఫున నీ పేరే ఇస్తాం అన్నారు. నేనే ఎందుకండీ అంటే, పోయినసారి మీటింగ్‌కి వెళ్ళింది నువ్వొక్కడివే కదా అన్నారు. ఆ మీటింగ్ సంగతి చెప్తాను, విన్నాక మీరే చెప్పండి.

రెండేళ్ళ కిందట మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్తోంది. ఫుట్‌పాత్ మీద మోరీ బండ ఒకటి లేదు, ఆ సందులో ఎవరో పాత అట్టపెట్టె ముక్క పరిచారు. దాని మీద కాలేసింది. మోకాలి దాకా లోపలికి పోయింది. ఎముక విరగలేదు కానీ చీలమండ వాచిపోయి ఇరవై రోజులు మంచం దిగలేదు. యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. మూడో రోజు 'పరిష్కరించాం' అని మెసేజ్, కింద ఫోటో. ఫోటోలో బండ ఉంది, కాదనను. కానీ దాని వెనకాల కనిపిస్తున్న కొబ్బరిబోండాల బండి మా వీధిలో లేదు.

ఎవరో వార్డు కమిటీలో అడగమన్నారు. మొదటి శనివారం, పదకొండింటికి. వెళ్తే గదికి తాళం. పన్నెండు దాటాక ఇంజనీరు వచ్చారు, వెనకాలే నలుగురు. అందులో ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, 'ఓనరా, బాడిగెనా?' అన్నాడు. బాడిగే అన్నాను. 'అయితే మీ ఓనర్ని పంపండి.' మా ఓనరు ఉండేది దావణగెరెలో.

ఇలాంటి దాంట్లో చేరి నేనేం చేయాలి? అసలు వాళ్ళకి అధికారం ఏముంది? ఏరియా పేరు మాత్రం అడగొద్దు.

సిల్క్‌బోర్డు_సన్యాసి
ఎందుకు అడగడం అన్నా, మోరీ బండ లేని ఫుట్‌పాత్ అన్నావంటే బెంగళూరంతా వచ్చేసింది.

చిత్తూరు_చిన్నా
అధికారం సంగతి తెలీదు. మా వార్డులో టీ, బిస్కెట్లు మాత్రం టైముకి వచ్చేవి.

మారతహళ్లి_మామయ్య
చిన్నా, నవ్వొచ్చింది గానీ అంత తీసిపారేయకు. పాత 198 వార్డుల రోజుల్లో నేను ఒక కమిటీలో కూర్చున్నాను. కదిరి బాబుకి అవసరమైనంత చెప్తా.

1992లో 74వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అందులో 243ఎస్ అనే అధికరణం ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలి. ఉండాలి అన్నారు సరే, వాటిలో ఎవరుండాలి, ఏం చేయాలి అన్నది రాష్ట్రాలకి వదిలేశారు. మెలిక అక్కడే పడింది. ఇక్కడ చెత్త గొడవ హైకోర్టుకి ఎక్కి, కోర్టు గట్టిగా అడిగాకే కమిటీలు కదిలాయి. 2016 రూల్స్ ప్రకారం కార్పొరేటరు అధ్యక్షుడు, పదిమంది సభ్యులు. అందులో కనీసం ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు ఎస్సీ ఎస్టీల నుంచి, ఇద్దరు స్థానిక సంఘాల నుంచి. నెలకో మీటింగ్. 2018 చివర్లో మొదటి శనివారం అని ఖాయం చేశాక కొంచెం గాడిన పడింది.

పనేంటంటే, వార్డులో ఏ పనులు ముందు కావాలో ప్లాన్ రాయడం, చెత్త, పార్కులు, వీధి దీపాలు ఎలా ఉన్నాయో చూడడం, వచ్చిన డబ్బు దేనికి పోయిందో అడగడం. కాంట్రాక్టరుకి చెక్కు ఆపే శక్తి లేదు. ఇంజనీరుని బదిలీ చేయించే శక్తి అంతకన్నా లేదు. అడగొచ్చు. అడిగింది రాయించొచ్చు. ఆ రాయించడమే అసలు పని. మాట గాల్లో పోతుంది, మినిట్స్‌లో (మీటింగ్‌లో ఏం జరిగిందో రాసే రికార్డు) ఎక్కితే రేపు ఆర్టీఐ వేసినవాడి చేతికి వస్తుంది. మా ఇంజనీరు నోటితో ఎన్ని తిట్టినా పట్టించుకునేవాడు కాదు. నేను 'ఇది మినిట్స్‌లో రాయండి' అనగానే కుర్చీ ముందుకి జరుపుకునేవాడు.

బెజవాడ_బుల్లెట్
మామయ్యా, కుర్చీ జరిగింది సరే, రోడ్డు జరిగిందా?

మారతహళ్లి_మామయ్య
ఒక్కసారి జరిగింది. సిటీలో కలిపిన శివారు 110 గ్రామాలకి కావేరి నీళ్ళ కోసం పైపులు వేస్తున్న రోజులు. కార్పొరేషన్ వాళ్ళు మా మెయిన్ రోడ్డుకి తారు వేయడానికి సిద్ధమయ్యారు, కంకర కూడా దిగింది. అదే రోడ్డు పక్క నెల వాటర్ బోర్డు తవ్వబోతోందని మా కమిటీలో ఒకావిడకి తెలిసింది, వాళ్ళ ఇంటి ముందే పైపులు దించారు మరి. ఇద్దరు ఇంజనీర్లనీ ఒకే మీటింగ్‌కి పిలిచాం. రెండు ఆఫీసులకీ మధ్య రెండు వీధుల దూరం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారట, ఫోన్ నంబర్లు మా ముందే మార్చుకున్నారు. తారు మూడు నెలలు వాయిదా పడింది. అది తప్ప రెండేళ్ళలో చెప్పుకోదగ్గది లేదు, నిజం చెప్పాలంటే.

మూడో_అంతస్తు
ఈ కమిటీల మీద నాకు మోజు లేదు. ఓనర్ల క్లబ్బులు. మా దగ్గర చేసిన మొట్టమొదటి తీర్మానం ఏంటో తెలుసా? తోపుడు బండ్లు తీసేయించాలని. ఆ బండ్ల దగ్గర కొత్తిమీర కొనుక్కున్నవాళ్ళే చేతులెత్తారు. మా పక్క సైటులో మూడంతస్తులకి పర్మిషన్ తీసుకుని ఐదు లేపారు, నా వంటింటికి వెలుతురు పోయింది. అది అడిగితే 'మా పరిధిలోకి రాదు' అన్నారు.

లలితక్క_బీటీఎం
బండ్లు తీసేయించడం కూడా వాళ్ళ పరిధిలోకి రాదు తమ్ముడూ. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది, ఆ విషయాలు చూడాల్సింది టౌన్ వెండింగ్ కమిటీ. అందులో కనీసం నలభై శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ మాట ఆ మీటింగ్‌లో ఒక్కరైనా లేచి చెప్పాలి కదా, నువ్వు వెళ్ళావా?

మూడో_అంతస్తు
వెళ్ళలేదు. శనివారం నాకు ఆఫీసు.

చిత్తూరు_చిన్నా
అక్క ఒక్క ప్రశ్నతో పడగొట్టేసింది 😀

లలితక్క_బీటీఎం
పడగొట్టడం కాదు చిన్నా, నాకూ మొదట్లో ఇదే కోపం. ఆడవాళ్ళ కోటాలో నన్ను వేశారు. మొదటి ఆరు నెలలు నా పని వచ్చిన అధికారికి పూలగుత్తి ఇవ్వడం. తర్వాత కౌన్సిల్ గడువు తీరిపోయింది (2020 సెప్టెంబర్), కార్పొరేటరు పోయి ఆయన కుర్చీలో నోడల్ అధికారి (వార్డు చూసుకోమని వేసిన ఉద్యోగి) వచ్చారు. ఆ రోజుల్లోనే వార్డుకి 60 లక్షలు, కమిటీ చెప్పినట్టు ఖర్చు పెట్టాలన్నారు. గుంతలకి 20, ఫుట్‌పాత్‌కి 20, బోర్లకి 20. అప్పుడు చూడాలి, అప్పటిదాకా రాని సభ్యులు కూడా ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు.

ఫుట్‌పాత్ డబ్బు మీద మూడు మీటింగులు నడిచాయి. ఒక వర్గం పెద్ద అపార్ట్‌మెంట్ గేటు ముందు వేయాలంది. నేను గవర్నమెంటు స్కూలు రోడ్డు అన్నాను. ఎవరూ వినలేదు. ఒకరోజు సాయంత్రం స్కూలు వదిలే టైముకి గేటు పక్కన నిలబడి, నోటు పుస్తకంలో గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను. ఇరవై నిమిషాల్లో 214 మంది పిల్లలు రోడ్డు మీదికి దిగి నడిచారు. ఆ వచ్చిన ఆదివారం, అలాగే ఇరవై నిమిషాలు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడితే తొమ్మిది మంది, ఒక కుక్క. ఆ కాగితం టేబుల్ మీద పెట్టాను. ఇంకెవరూ మాట్లాడలేదు. స్కూలు రోడ్డుకే పోయింది డబ్బు.

బెజవాడ_బుల్లెట్
ఆదివారం లెక్కపెట్టడం మోసం కదక్కా 😀

లలితక్క_బీటీఎం
మోసమే. ఎవరూ అడగలేదు.

పొదిలి_పిల్లోడు
మూడో అంతస్తు అన్న అడిగిన బిల్డింగ్ విషయం కొంచెం చెప్పండి ఎవరైనా. ప్లానింగ్‌లో కమిటీ మాటకి విలువ లేదా?

మారతహళ్లి_మామయ్య
పేరులో ప్లాన్ ఉంటుంది, అంతే. వార్డు ప్లాన్ అంటే ఎక్కడ లైటు, ఎక్కడ బెంచీ అనే జాబితా. ఏ వీధిలో ఇళ్ళు, ఏ వీధిలో షాపులు అన్నది మాస్టర్ ప్లాన్ విషయం, అది బీడీఏ (బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ) చేతిలో ఉండేది. 2007లో ఆమోదించిన, 2015 దాకా అని రాసిన ప్లానుతోనే ఏళ్ళ తరబడి బండి లాగారు, 2031 కోసం రాసింది వెనక్కి పోయింది. ఇప్పుడు కార్పొరేషన్లన్నిటి మీదా గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చింది కాబట్టి ప్లానింగ్ దాని కింద. అదనపు అంతస్తుల మీద ఫిర్యాదు కార్పొరేషన్‌లో టౌన్ ప్లానింగ్ విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. కమిటీకి ఇస్తే చదివి పక్కన పెడతారు.

క్వీన్స్_కోడలు
ఏడేళ్ళు న్యూయార్క్‌లో ఉండి వచ్చాను కాబట్టి ఒక మాట. (అక్కడ గొప్ప, ఇక్కడ చెత్త అనడానికి కాదు, ముందే చెప్తున్నా.) అక్కడ 59 కమ్యూనిటీ బోర్డులు. ఒక్కోదాంట్లో యాభై మంది దాకా, జీతం లేదు. బరో (నగరంలో ఒక పెద్ద భాగం) ప్రెసిడెంటు వేస్తారు, అందులో సగం మంది సిటీ కౌన్సిల్ సభ్యులు సూచించినవాళ్ళు. లోపల మళ్ళీ చిన్న కమిటీలు: స్థలాల వాడకానికి ఒకటి, రవాణాకి ఒకటి, పార్కులకి ఒకటి. వాళ్ళ మాట కూడా సలహానే, ఎవరూ కట్టుబడక్కర్లేదు.

తేడా ఎక్కడంటే గడువులో. ఒక స్థలానికి జోనింగ్ (అక్కడ ఏం కట్టొచ్చు అనే రూలు) మార్చాలంటే కాగితం ముందు బోర్డుకి రావాలి, అరవై రోజుల్లో వాళ్ళు జనాన్ని పిలిచి, విని, అభిప్రాయం రాయాలి. మా వీధి చివర పెద్ద బిల్డింగ్ వస్తుందన్నప్పుడు నేనూ వెళ్ళాను. మైకు ముందు మనిషికి రెండు నిమిషాలు. రాత్రి పదకొండయింది. ఒక ముసలాయన తన రెండు నిమిషాలూ పావురాల గురించి మాట్లాడాడు, అదీ రాసుకున్నారు. బోర్డు వద్దంది. బిల్డింగ్ వచ్చింది, రెండంతస్తులు తగ్గి వచ్చింది.

ఇంకోటి. అక్కడ ఆ ప్రాంతంలో ఉంటున్నా, పని చేస్తున్నా బోర్డుకి అర్హులే. నేను అద్దె ఇంట్లోనే ఉన్నాను, ఓనరా బాడిగెనా అని ఎవరూ అడగలేదు.

సిల్క్‌బోర్డు_సన్యాసి
పావురాల మీద రెండు నిమిషాలు. మన దగ్గర కుక్కల మీద పెడితే మూడు రోజులు నడుస్తుంది.

ఆవడి_ఆంజనేయులు
చెన్నై వైపు నుంచి నేను. మాకు 2022 ఫిబ్రవరిలో ఎన్నికలయ్యాయి, 200 వార్డులకీ కౌన్సిలర్లు ఉన్నారు. అదే ఏడాది వార్డు కమిటీ, ఏరియా సభల రూల్స్ వచ్చాయి. చెన్నైలో వార్డుని పది ఏరియాలుగా చేసి ఒక్కోదానికి ఒక ప్రతినిధి, ఆ పదిమందీ కౌన్సిలరుతో కలిసి వార్డు కమిటీ. ఏరియా సభ అంటే మన ఊళ్ళో గ్రామసభ లాగా, ఓటున్న ఎవరైనా వచ్చి అడగొచ్చు. వినడానికి బాగుంది కదా. మా ఏరియా ప్రతినిధి ఎవరో కనుక్కోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మా ఇస్త్రీ బండాయన తమ్ముడే.

చిత్తూరు_చిన్నా
పని అవుతుందా మరి?

ఆవడి_ఆంజనేయులు
వాన నీటి కాలువ శుభ్రం చేయించాడు. చొక్కాలు మాత్రం వాళ్ళన్న ఇప్పటికీ లేటే.

బెజవాడ_బుల్లెట్
అసలు విషయం ఎవరూ అడగట్లేదు. కదిరి అన్నా, నీ ఓటెక్కడ?

కదిరి_కుర్రోడు
కదిరిలో.

బెజవాడ_బుల్లెట్
అదీ సంగతి. తొమ్మిదేళ్ళుగా నీళ్ళు ఇక్కడివి, చెత్త ఇక్కడ వేస్తావు, ఓటు మాత్రం అక్కడ. 2024 మే 13 ఎన్నికలకి బెంగళూరు నుంచి బస్సులకి బస్సులు ఆంధ్రాకి వెళ్ళాయి, నేనూ అందులోనే నిలబడి వెళ్ళాలే. మరి ఇక్కడి ఇంజనీరు మన మాట ఎందుకు వినాలి?

పొదిలి_పిల్లోడు
ఇది అన్యాయం బుల్లెట్ అన్నా. ఓటు మార్చుకుంటే ఊళ్ళో ఏమంటారో నీకు తెలీదా? మా నాన్న పేరు మీద రెండెకరాలు, రేషన్ కార్డు, అన్నీ అక్కడే. 'ఓటు కూడా తీసుకెళ్ళిపోయాడు' అంటే ఇక తిరిగి రాడనే అర్థం. మా అమ్మకి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. ఇక్కడేమో ఇంటి ఓనరు పదకొండు నెలలకోసారి ఖాళీ చేయిస్తానంటాడు. ఏ వార్డులో ఉంటానో నాకే తెలీనప్పుడు ఓటెక్కడ పెట్టుకోను?

సిల్క్‌బోర్డు_సన్యాసి
నువ్వు ఇల్లు మారక్కర్లేదు తమ్ముడూ, వార్డే మారుతుంది. 198 అన్నారు, తర్వాత 243, తర్వాత 225, ఇప్పుడు 2025 సెప్టెంబర్ నుంచి ఐదు కార్పొరేషన్లు, అన్నీ కలిపి 369. మా ఇల్లు అంగుళం కదల్లేదు, అడ్రసు మాత్రం దేశాటన చేస్తోంది.

మూడో_అంతస్తు
పొదిలి చెప్పింది నిజం. బాడిగెవాళ్ళ సంగతి తేల్చకుండా ఎన్ని కమిటీలు వేసినా అపార్ట్‌మెంట్ గేటు ముందే ఫుట్‌పాత్ పడుతుంది.

లలితక్క_బీటీఎం
కదిరి తమ్ముడూ, పేరు ఇవ్వాలా వద్దా తర్వాత చూద్దువు గానీ, ముందు ఆ బండ సంగతి చూడు. మీ వీధి మొత్తం నడువు. లేని బండలు, పగిలిన బండలు లెక్క రాసుకో, ఒక్కోదానికి ఎదురుగా ఇంటి నంబరు. సుద్దముక్కతో పక్కనే అంకె వేసి ఫోటో తీయి, అప్పుడు ఇంకో వీధి ఫోటో పెట్టి తప్పించుకోలేరు. మోరీలో మురుగు వాసన ఉందా, వాన నీరేనా కూడా చూసుకో. మురుగైతే వాటర్ బోర్డు (1916), బండలు కార్పొరేషన్ (1533). కలిపి రాస్తే ఇద్దరూ అవతలివాడి మీదికి నెట్టేస్తారు. ఉత్తరం కన్నడలో రాయి. ఇంకు ముద్ర, తేదీ వేయించుకున్న కాపీ లేకుండా ఆ ఆఫీసు మెట్లు దిగొద్దు.

బెజవాడ_బుల్లెట్
స్తంభం వాలిందని కూడా రాయమను, 1912కి (కరెంటు వాళ్ళు) ఫోన్ చేస్తే పని లేకుండా కూర్చున్నారు పాపం.

మోడరేటర్
బుల్లెట్ గారూ, పని లేకుండా కూర్చున్నారన్న మాట మీకు తెలిసి రాశారా, ఊరికే రాశారా? ఊరికే అయితే వద్దు.

బెజవాడ_బుల్లెట్
ఊరికేనండీ. పోయినవారం మా లైను గంటలో సరిచేశారు కూడా.

కదిరి_కుర్రోడు
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్తాను.

లలితక్క చెప్పినట్టే ఆదివారం పొద్దున సుద్దముక్కతో బయల్దేరాను. మా వీధి 340 అడుగులు కూడా ఉండదు. లేని బండలు పదకొండు, పగిలినవి ఆరు. నాలుగో నంబరు దగ్గర ఎవరో మోరీలో వేపకొమ్మ గుచ్చి దానికి ఎర్ర గుడ్డ కట్టారు, జాగ్రత్త అని. ఏడో నంబరు మా అమ్మ పడింది. ఆ అట్టముక్క స్థానంలో ఇప్పుడు ప్లైవుడ్ వచ్చింది, ప్రగతి అంటే ఇదే కాబోలు. నేను వంగి అంకెలు వేస్తుంటే వీధిలోవాళ్ళు ఇల్లు అమ్మకానికి వచ్చిందా అని అడిగారు. పక్కింటి తాతగారు మాత్రం తన కర్రతో చూపిస్తూ నాతో చివరిదాకా నడిచారు.

ఉత్తరం కన్నడలో నేనే రాశాను. మన లిపికీ దానికీ పెద్ద తేడా లేదు కదా అని ధైర్యం. ఇంజనీరు గారు రెండు లైన్లు చదివి, తలెత్తకుండానే తెలుగులో 'ఏ ఊరప్పా?' అన్నారు. ఎలా తెలిసింది సార్ అంటే కాగితం నా వైపు తిప్పారు. అక్షరాలన్నీ కన్నడమే, తలకట్లు మాత్రం మొత్తం తెలుగువి పెట్టాను. ఆయనది పావగడ. కదిరి అనగానే వాళ్ళ అత్తగారి ఊరు పక్కనే అన్నారు. ముద్ర వేసి ఇచ్చారు.

పదకొండులో ఏడు బండలు పడ్డాయి. పగిలినవి అలాగే ఉన్నాయి, వాటికి వేరే ఎస్టిమేట్ అట.

లలితక్క_బీటీఎం
అమ్మ పడిన ఏడో నంబరు?

కదిరి_కుర్రోడు
పడింది అక్కా. కానీ మిగతావాటికన్నా రెండు అంగుళాలు ఎత్తుగా కూర్చుంది. నిన్న తాతగారి కర్ర దానికే తగిలింది. మళ్ళీ వెళ్తున్నాను శనివారం.

మూడో_అంతస్తు
అంటే అత్తగారి ఊరు కదిరి పక్కన కాబట్టి పని అయింది. మదనపల్లె అయితే?

మారతహళ్లి_మామయ్య
అబ్బాయీ, అది నిజమే కావచ్చు, కాకపోవచ్చు. పదిహేడు ఫోటోలు, పదిహేడు ఇంటి నంబర్లు చేతిలో ఉన్నాయి కదా. మిగిలిన నాలుగు బండలూ, ఆ ఎత్తు బండా మినిట్స్‌లో ఎక్కేలా చూసుకో కదిరి బాబూ. పావగడ ఆయన రేపు బదిలీ అయితే కొత్తాయన అత్తగారి ఊరు ఏదో నీకు తెలీదు.

బెజవాడ_బుల్లెట్
మరి కమిటీకి పేరు?

కదిరి_కుర్రోడు
ఇమ్మన్నాను. కాకపోతే ఇక్కడి ఓటరు జాబితాలో పేరుంటే మాట చెల్లుతుంది అంటున్నారు సంఘంవాళ్ళు. ఓటు అడ్రసు మార్చే ఫారం 8 నింపుతున్నా. ఊళ్ళో ఇంకా చెప్పలేదు.

పొదిలి_పిల్లోడు
అడ్రసుకి ఏం ప్రూఫ్ పెట్టావన్నా? నాకు కరెంటు బిల్లు ఓనరు పేరు మీదే ఉంది.

కదిరి_కుర్రోడు
నాదీ అంతే. బాడిగె అగ్రిమెంట్ పెడదామంటే రిజిస్టర్ అయినది కావాలట, మాది ఉత్త స్టాంపు కాగితం. రిజిస్టర్ చేయించడానికి ఓనరు దావణగెరె నుంచి రావాలి, వచ్చే ఆదివారం వస్తానంటున్నాడు.

క్వీన్స్_కోడలు
ఆధార్‌లో అడ్రసు మార్పించుకుంటే అదొక్కటే చాలు, ఓనరు కోసం ఆగక్కర్లేదు.

కదిరి_కుర్రోడు
ఆధార్ మారిస్తే మా అమ్మకి తెలిసిపోతుందండీ, ఆ కార్డు తన బీరువాలో ఉంది.